నోరు తెరిచే ఖరాదు

నాకు ఒక జబ్బు ఉంది. ఏ యంత్రం పక్కన నిలబడ్డా, ఎవరూ అడగకపోయినా, దాని రోగం ఏమిటో చెప్పేస్తాను. ఇప్పుడు వయసు మీద పడి కాస్త తగ్గింది గాని, ముప్పై ఏళ్ళప్పుడు కామారెడ్డి స్టేషను దగ్గర మా కార్ఖానా గడపలో కూర్చుని, ముందునుంచి పోయే మోటారు చప్పుడు విని, ఇది లింగంపేట దాటదు అనేవాణ్ణి. దాటేది కాదు. నాలుగైదుసార్లు అట్లా జరిగేసరికి జనానికి నా మాట మీద గురి కుదిరింది. వాళ్ళకంటే నాకు ఎక్కువ కుదిరింది. మా ఇంటామె ఒక్కతే ఒప్పుకునేది కాదు. నీ నోరు నీకంటే ముందు ఉరుకుతుంది, ఎప్పుడో ఒకనాడు దాని వెనక పరుగెత్తలేక బోర్లా పడతావు అనేది. నేను నవ్వి బీడీ ముట్టించేవాణ్ణి.

కార్ఖానా అంటే పెద్దగా ఊహించుకోవద్దు. నాలుగు గుంజల మీద రేకులు, ఒక మూల కొలిమి, ఒక మూల చేత్తో తిప్పి బెజ్జాలు వేసే బర్మా, మధ్యలో పాత ఆయిల్ ఇంజను. ఆ ఇంజనును ఒక పిండి గిర్నివాళ్ళు చచ్చిపోయిందని వదిలేస్తే నేను తెచ్చి మూడు నెలల్లో బతికించుకున్నాను. అది టుక్కుటుక్కున నడుస్తుంటే నాకు ఆకలి వేసేది కాదు. కాని అది నడిచి తిప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. ఉండాల్సింది ఖరాదు. ఇనుమును బిగించి గిరగిరా తిప్పుతుంటే పక్కనుంచి ఉలి ఆనించి గుండ్రంగా, నున్నగా చెక్కే యంత్రం. ఇప్పటి పిల్లలు లేత్ అంటారు. ఖరాదు లేని మేస్త్రి ఎంత నోరున్నవాడైనా సగం మేస్త్రే. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే ఆ రోజుల్లో ఇంకొంచెం గట్టిగా మాట్లాడేవాణ్ణేమో.

నిజాంసాగర్ కాలువల్లో నీళ్ళు పారినప్పటినుంచి ఎల్లారెడ్డి దిక్కు చెరకు పెరిగింది. వాళ్ళను చూసి భిక్నూర్ రైతులు బావుల కింద కూడా వేశారు. చెరకు వచ్చిందంటే ఇనుప గానుగ వచ్చినట్టే. గానుగ వచ్చిందంటే దాని బెజ్జాలు అరగడం, పండ్లు విరగడం, ఇరుసులు వంగడం మా పాలికి వచ్చినట్టే. చిన్న పని కొలిమిలో సరిపోయేది. గుండ్రంగా చెక్కాల్సింది వస్తే మూట కట్టి రైల్లో హైదరాబాదు పంపేవాణ్ణి. అది పోయి వచ్చేసరికి మూడు వారాలు. కోసిన చెరకు మూడు వారాలు ఆగుతుందా? రైతు నన్ను తిట్టి, ఎడ్లను తిట్టి, నిజామాబాదు దారి పట్టేవాడు.

కొత్త ఖరాదు కొందామంటే యుద్ధం మొదలై రెండో ఏడు నడుస్తున్నది. సీమనుంచి వచ్చే ఓడల్లో మా బోటివాళ్ళకు చోటు లేదు. ఆ ఏడు పుష్యమాసంలోనే భిక్నూర్ రైతు ఒకాయన గానుగ పెద్ద చక్రం బండి మీద వేసుకొచ్చి మా గడప ముందు దింపాడు. మధ్యలో ఇరుసు దూరే బెజ్జం అరిగి కోడిగుడ్డు లెక్క అయింది. దాన్ని మళ్ళీ గుండ్రంగా చెక్కాలి. హైదరాబాదు పంపుతానంటే వద్దన్నాడు. ఈ ఏడుకు పక్కవాడి గానుగ బాడుగకు తీసుకుంటాననీ, వచ్చే ఏడుకైనా ఇక్కడే చేసి పెట్టమనీ చెప్పి వెళ్ళాడు. ఆ చక్రం గోడకు ఆనుకుని కూర్చుంది. రోజూ పొద్దున కార్ఖానా తెరవగానే మొదట కనబడేది అదే.

అప్పుడు తెలిసింది, ఎల్లారెడ్డిలో పాత ఖరాదు ఒకటి అమ్మకానికి ఉందని. కాలువల తూముల పని జరిగిన రోజుల్లో ఒక ఖరాదు మేస్త్రి ఎక్కడినుంచో వచ్చి, పని అయిపోయాక గుత్తేదారు దగ్గర ఆ యంత్రాన్ని కొనుక్కుని అక్కడే షెడ్డు వేసుకున్నాడట. ముందటి వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. షెడ్డు ఉన్న జాగా గలాయన ఉగాదిలోగా ఖాళీ చేయమన్నాడు. భార్య అమ్ముతున్నది.

మరునాడే మోటారెక్కాను. బొగ్గుతో నడిచే మోటారది, ఎత్తు వచ్చినప్పుడల్లా మమ్మల్ని దింపి నడిపించింది. నాకు కోపం రాలేదు. నా తలలో అప్పటికే ఖరాదు మా ఇంజను పక్కన కూర్చుని తిరుగుతున్నది.

ఆ మేస్త్రి భార్యకు నలభై దాటి ఉంటాయి. పలుచటి మనిషి. కొంగు నడుముకు చుట్టుకుని, షెడ్డు ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంచింది. పెళ్ళిచూపులకు వచ్చినట్టుందే అనుకున్నాను. నేను ఎంత వద్దన్నా వినకుండా ముందు కూర్చోబెట్టి జొన్న గట్క పెట్టి మజ్జిగ పోసింది. తిని చేతులు కడిగేసరికి రోడ్డుకు అవతల గిర్ని నడిపే సేటు కూడా వచ్చాడు. ఆయనా ఖరాదు కొందామని చూస్తున్నాడట. ఆమె అడిగిన ధరకు దాదాపు ఒప్పుకున్నాడు గాని, యంత్రం సంగతి తెలిసినవాడు ఒక్కసారి చూస్తే బాగుండునని ఆగాడు. నన్ను చూసి సంబరపడ్డాడు. కామారెడ్డి మేస్త్రి చూశాక ఇంక అనుమానం ఏముంటుంది అన్నాడు. ఆ మాట వినగానే నా ఛాతీ రెండంగుళాలు పెరిగిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆమె గోనెసంచులు తీసింది. ఏం యంత్రం అది! ఆరడుగుల పొడవు, ఎక్కడా తుప్పు చుక్క లేదు. భర్త పోయి ఆరు నెలలైనా నూనె రాస్తూనే ఉంది. పనిని పట్టుకునే చక్కును చేత్తో తిప్పి చూశాను, నీళ్ళలో తిరిగినట్టు తిరిగింది. పండ్ల చక్రాలు ఒక్కొక్కటీ తడిమి చూశాను, ఒక్క పన్ను విరగలేదు. ఉలిని జరిపే మర పిడి అటూ ఇటూ ఊపాను, వదులు లేదు. మనసులో అప్పుడే బండ్లు కట్టేశాను. బేరం చెడకూడదని మొహం మాత్రం ముడుచుకునే ఉన్నాను.

చివరికి ఉలి జరిగే పట్టాల మీద చెయ్యి పెట్టి, ఒక చివరనుంచి ఇంకో చివరకు రాసుకుంటూ వచ్చాను. ఖరాదుకు ప్రాణం ఆ పట్టాలు. చక్కు ఇంకా జానెడు దూరం ఉందనగా గోరు ఆగింది. వంగి చూశాను. రెండు పట్టాలకూ అడ్డంగా వెంట్రుకంత గీత. కిందికి దూరి చూస్తే, ఆ గీతకూ చక్కుకూ మధ్య నాలుగు లావుపాటి బోల్టులు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో మా దిక్కు పోత ఇనుము పగిలితే అతికే గ్యాసు లేదు, కరెంటు లేదు. పగిలిన చోట రెండు దిక్కులా సాపు చేసి, ముక్కను పెట్టి, బోల్టులు బిగించేవాళ్ళం. పంపులు, గానుగ కాళ్ళు, ఇంజను పాదాలు నేనే ఎన్ని అట్లా అతికానో లెక్క లేదు. గీత, గీత పక్కన బోల్టులు అంటే మా కండ్లకు ఒకటే అర్థం. ఇది పగిలి అతికిన మిషను. అంత ఆశ పడ్డాను కదా, ఆ ఆశంతా ఒక్కసారి కోపమైంది. నన్ను మోసం చేయబోయారనిపించింది.

ఆమె నా చెయ్యి ఎక్కడ ఆగిందో చూసింది. దగ్గరకు వచ్చి మెల్లగా, "గది ఏం లేదు మేస్త్రీ. పెద్ద పని వస్తె గది నోరు తెరుస్తది," అన్నది.

నోరు తెరుస్తదట. భర్త పోయిన దుఃఖంలో ఏదో అంటున్నది పాపం అనుకున్నాను. ఆమె ఏదో తేవడానికి లోపలికి వెళ్ళింది. నేను సేటు వైపు తిరిగి, రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా వినబడేట్టు చెప్పాను. "పట్టాలు పలిగినయి సేటూ. అతుకు ఏసిన మిషను. దీని మీద ఏం చెక్కినా వంకరనే అయితది. గిది తుక్కుకు పోవాల్సిందే."

సేటు ఇంకో మాట అడగలేదు. దేవుడే నిన్ను పంపాడు అని నా భుజం తట్టి రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. రోడ్డు మీద ఆగినవాళ్ళు నలుగురు తలలూపారు. అప్పుడు ఆమె లోపలినుంచి వచ్చింది. చేతిలో మూరెడు పొడుగు పానా ఉంది. షెడ్డులో సేటు లేడు. నేను గోనెసంచికి చేతులు తుడుచుకుంటున్నాను.

"పానాలు గూడ అమ్ముతవా అక్కా?" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. పానాను పక్కనున్న బల్ల మీద పెట్టి, ఖరాదు మీద గోనెసంచులు కప్పింది. నేను మోటారు వేళ అయిందని వచ్చేశాను.

కామారెడ్డికి వచ్చి ఊరుకున్నానా? లేదు. మూడు వారాలు అదే కథ. టీ తాగడానికి వచ్చినవాడికీ, నాగలి కర్రు సాగగొట్టించుకోవడానికి వచ్చినవాడికీ, ఎల్లారెడ్డిలో అతుకు ఖరాదును నేనెట్లా పట్టుకున్నానో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ గీత ఇంకొంచెం సన్నబడింది, నా గోరు ఇంకొంచెం గొప్పదైంది. ఆమె అన్న నోరు మాట చెప్పి అందర్నీ నవ్వించాను కూడా.

ఒకనాడు ఆ కథ ఒక ముసలాయనకు చెప్పాను. ఇరవై ఏళ్ళు రైల్వే కార్ఖానాలో ఖరాదు మీద పనిచేసి, పింఛను పుచ్చుకుని, కామారెడ్డిలో కూతురింటికి వచ్చి ఉంటున్నాడు. రోజూ రైలు చూడటానికి వచ్చి మా గడపలో కూర్చునేవాడు. అందరూ నవ్విన చోట ఆయన నవ్వలేదు. గడ్డం గోక్కుంటూ, బోల్టుల తలలు ఎట్లా ఉన్నాయని అడిగాడు. నాకు బాగా గుర్తు. మూలలు అరిగి, పానా పట్టి పట్టి మెరుస్తున్నాయి అన్నాను.

"అతుకు బోల్టు ఒక్కపారి బిగిస్తె మళ్ళ విప్పుతమా బేటా?" అన్నాడు.

ఆయన నేల మీద బొగ్గుతో బొమ్మ గీసి చూపించాడు. కొన్ని ఖరాదులకు చక్కు ముందు పట్టాలలో ఒక ముక్కను కావాలనే విడిగా చేస్తారట. మామూలు పనికి అది బిగించే ఉంటుంది. చక్రంలాంటి పెద్ద పని వచ్చి పట్టాలకు తగులుతుంటే, నాలుగు బోల్టులు విప్పి ఆ ముక్క తీసేస్తారు. అక్కడ గుంట ఏర్పడి పెద్ద చక్రం అందులో తిరుగుతుంది. పని కాగానే ముక్కను మళ్ళీ దాని చోట పెట్టేస్తారు. అట్లాంటిది మామూలు ఖరాదు కంటే ధర ఎక్కువ పలుకుతుంది అన్నాడు. ఆ మాట అంటూ గోడకు ఆనించిన భిక్నూర్ చక్రం వైపు చూశాడు. నేనూ చూశాను.

పెద్ద పని వస్తె నోరు తెరుస్తది. ఆమె చెప్పింది ఇదే. ఇంతకంటే సూటిగా ఎవరైనా ఏం చెబుతారు? ఆ పానా నాకు అమ్మడానికి కాదు, విప్పి చూపించడానికి తెచ్చింది. ఆ ముసలాయన ముందు కూర్చుని ఉండగానే నా చెవులు కాలిపోయాయి. తల కొట్టుకోవాలనిపించేంత సిగ్గేసింది. ఆమె గట్క తిని, ఆమె వాకిట్లో నిలబడి, ఆమె ఖరాదును తుక్కు చేసి వచ్చాను.

అబద్ధం చెప్పను, ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఎల్లారెడ్డిలో అందరూ అది పగిలిన మిషనే అనుకుంటున్నారు. అట్లా అనుకునేట్టు చేసింది నేను. చప్పుడు చేయకుండా వెళ్ళి తుక్కు ధరకు తెచ్చుకుంటే అడిగేవాడు లేడు. నిజం చెబితే సేటు మళ్ళీ రంగంలోకి దిగుతాడు, ఆయన చెయ్యి నా చెయ్యి కంటే పెద్దది, ఖరాదు నాకు దక్కదు. అన్నం తింటూ మా ఇంటామెకు మొత్తం చెప్పాను, ఈ రెండో ఆలోచనతో సహా. ఆమె అడిగింది ఒక్కటే.

"ఆమె నీకు తినవెట్టిందా?"

పెట్టింది అన్నాను.

"అయితె పో. పోయి సేటు ముంగటనే చెప్పు," అన్నది.

తెల్లారి మొదటి మోటారుకు వెళ్ళాను. ఆ రోజు అంగడి, ఎల్లారెడ్డి అంతా బండ్లే. షెడ్డు ముందు అరుగు మీద ఆమె కూర్చుని ఉంది. పక్కన గంపలో ఉలులు, ఆకురాళ్ళు సర్ది ఉన్నాయి. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. లోపల ఖరాదు మీద గోనెసంచులు లేవు. చక్కు ముందు పట్టాలు తెగి, పెద్ద గుంట. రైల్వే ముసలాయన బొగ్గుతో గీసిన బొమ్మ అచ్చం అట్లాగే నా కళ్ళ ముందు నోరు తెరుచుకుని ఉంది.

ముక్క ఎక్కడ అని అడిగాను.

ఆమె చెప్పింది. నేను వెళ్ళిన మరునాడే సేటును పిలుచుకొచ్చి, అతుకు కాదని చూపించడానికి తన చేతులతోనే నాలుగు బోల్టులూ విప్పి ముక్క తీసిందట. సేటు చూసి, అయ్యో, చెయ్యి పెడితేనే ఊడి వచ్చింది, మేస్త్రి చెప్పిందే నిజం అని వెళ్ళిపోయాడట. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఉగాది దగ్గర పడింది. పోయిన అంగడినాడు జుక్కల్ దిక్కునుంచి పాత ఇనుము కొనేవాడు వచ్చి, బయానా ఇచ్చి, విడిగా ఉన్న ఇనుమంతా అప్పుడే బండికి ఎత్తుకున్నాడు. అందులో ఆ ముక్క కూడా పోయింది. మిగతాది సమ్మెటలతో పగలగొట్టి తీసుకుపోవడానికి ఈ రోజు మనుషులతో వస్తానన్నాడు.

ఆమె ఏడవలేదు. అదంతా ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది.

ఇనుము కొనేవాడు రానే వచ్చాడు, ఇద్దరు మనుషులు, రెండు సమ్మెటలు. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడే మనిషి. వాళ్ళలో ఒకడు అంగీ విప్పుతుంటే నేను ఖరాదుకు అడ్డంగా నిలబడ్డాను. ఇది పగలగొట్టే సరుకు కాదన్నాను. ఆయన బయానా సంగతి అడిగాడు. గొంతులు పెరిగాయి. అంగడి జనం మూగారు. గిర్నిలోంచి సేటు కూడా వచ్చాడు. నాకు కావలసిందీ అదే. నోరు ఎత్తడం నాకు కొత్త కాదు, కాని ఆ రోజు ఎత్తడానికి నాలుక బరువైంది.

"సేటూ, మొన్న నేను చెప్పింది తప్పు," అన్నాను. "గిది పలిగింది కాదు. పెద్ద చక్రం పట్టేతందుకు గట్లనే చేస్తరు. ఈ అక్క చెప్పింది నిజం, నాకు ఎరుక లేక వాగిన. మిషను బంగారం అసొంటిది. నువ్వు కొంటవంటె గిప్పుడు కొను, నేను అడ్డం రాను."

జనంలో ఎవడో కిసుక్కున నవ్వాడు. సేటు నన్నూ, గుంటనూ మార్చి మార్చి చూశాడు. "మొన్న పలిగిందంటివి, నేడు బంగారమంటివి. ఏ మాట నమ్మాలె మేస్త్రీ నేను?" అన్నాడు. అయినా ఖరాదు చుట్టూ ఒకసారి తిరిగాడు. తీసేసిన ముక్క లేకుండా మామూలు పని నడుస్తుందా అని అడిగాడు. చక్కు దగ్గరి చిన్న పని కష్టం, కొత్త ముక్క చేసుకోవాలి అని నిజమే చెప్పాను. అయితే నాకు వద్దు అని వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. నా మాట నమ్మి ఒకసారి వెనక్కు పోయినవాడు మళ్ళీ నా మాట నమ్మి ఎందుకు ముందుకు వస్తాడు?

ఇనుము కొనే ఆయన, ముందు ఎత్తుకుపోయిన ఇనుము ధర పోను మిగతా బయానా వాపసు తీసుకున్నాడు, తెచ్చిన ఇద్దరికీ కూలి నా చేత ఇప్పించాడు. ముక్క కోసం బతిమాలాను. అది పోయినవారమే రైలెక్కిందన్నాడు. ఏ ఊరి కొలిమిలో కరిగిపోయిందో.

జనం చెదిరాక అరుగు మీద కూర్చున్నాం. మొదట సేటుకు ఆమె చెప్పిన ధరనే నేను ఇస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ముక్క ఉన్నప్పటి ధర అది, ముక్క లేని మిషనుకు అంత తీసుకోవడం న్యాయం కాదన్నది. బేరమంటే ఇట్లా తలకిందులుగా నడవడం నా జన్మలో అదొక్కసారే చూశాను.

"ముక్క పోగొట్టింది నేనేనాయె అక్కా," అన్నాను.

దానికి ఆమె నోట వచ్చిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "నోరు తెరుస్తదన్న. ఎట్ల తెరుస్తదని నువ్వు అడుగలే. అడిగితె సూపిద్దును."

అంతే అన్నది. తిట్టినా బాగుండేది. మొదటి ధరకే ఇచ్చింది. రెండు బండ్లు మాట్లాడి, ఖరాదును విప్పి, గడ్డి పరిచి ఎక్కించాం. ఏ భాగం ముందు విప్పాలో, ఏది పైకెత్తేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో ఆమే చెప్పింది. ఈసారి ప్రతిదీ ఎట్లా అని అడిగాను. బండ్లు కదులుతుంటే ఆమె ఆ పానాను తెచ్చి నా చేతిలో పెట్టింది. దానికి ధర చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా ఇంజను పక్కన ఖరాదును నిలబెట్టి, బెల్టు తగిలించి, మొదట దాని మీద ఎక్కించింది భిక్నూర్ చక్రాన్నే. అంత పెద్ద చక్రం ఆ గుంటలో ఎక్కడా తగలకుండా తిరుగుతుంటే రైల్వే ముసలాయన పక్కనే నిలబడి మీసం దువ్వుకున్నాడు. సాయంత్రానికల్లా కోడిగుడ్డు బెజ్జం పున్నమి చంద్రుడైంది. రైతు వచ్చి, వేలు పెట్టి తిప్పి చూసుకుని, ఇంక రైలుతో పని లేదా అన్నాడు. లేదన్నాను. ఆ ఒక్క మాట అన్నందుకు నా నోటి మీద నాకు మళ్ళీ కాస్త గౌరవం వచ్చింది. ఆ ఏటినుంచి మా కార్ఖానా నిలబడింది. గానుగలు, పంపులు, గిర్ని ఇరుసులు, ఏవి వచ్చినా కామారెడ్డి దాటనివ్వలేదు.

కాని నోరు తెరిచి ఉన్న ఖరాదు పెద్ద పనికే పనికొస్తుంది. చిన్న పనికి ఉలి చక్కు దగ్గరకు రావాలంటే పట్టాలు కావాలి, ముక్క కావాలి. కర్రతో అచ్చు చేయించి, హైదరాబాదులో పోత పోయించి, ముక్క తెప్పించాను. పోత ముక్క అంటే మొరటు రాయితో సమానం. దాన్ని పట్టాలతో సరిసమానం చేయడం నా పని. నూనెలో మసి కలిపి రాయడం, ముక్కను పెట్టి రుద్దడం, మసి అంటిన చోటు గీకడం, మళ్ళీ రాయడం. పనులు లేని పూటలన్నీ అదే పని. ఎండాకాలం పోయింది, వానాకాలం పోయింది. వేళ్ళ చివర్లు బండబారాయి. నా పనితనం మీద నాకు నమ్మకం తక్కువ లేదు, ఈ తాలూకాలో ఇంకెవడు చేసినా ఆ మాత్రం కూడా కుదరదని ఇప్పటికీ అంటాను. అయినా సీమలో పెద్ద యంత్రం మీద చెక్కిన ముక్క సీమ ముక్కే. నాది బిగిసింది, నడిచింది, కాని గీత మిగిలింది. దాని మీదికి వచ్చినప్పుడల్లా ఉలి వెంట్రుకంత ఎగిరేది. పొడుగు పని చెక్కితే ఆ చోట సన్నటి మచ్చ పడేది. ఆ మచ్చను ఆకురాయితో సాపు చేయడం నాకు అలవాటైంది.

మరుసటి ఏడు చలికాలంలో ఆమె వచ్చింది. నిజామాబాదులో చెల్లెలింటికి పోతూ, రైలుకు ఇంకా పొద్దుందని, ఖరాదును ఒకసారి చూసి పోదామని దిగింది. మా ఇంటామె లోపలికి పిలిచి, ఎన్నాళ్ళ చుట్టమో అన్నట్టు కూర్చోబెట్టి అన్నం పెట్టింది. తిన్నాక ఇద్దరూ కార్ఖానాలోకి వచ్చారు. నేను ఖరాదు మీద పంపు ఇరుసు చెక్కుతున్నాను. ఆమె కాసేపు చప్పుడు వింటూ నిలబడింది. నేను బెల్టు జరిపి యంత్రాన్ని ఆపాను.

ఆమె దగ్గరకు వచ్చి పట్టాల మీద చెయ్యి పెట్టింది. ఆ చివరనుంచి ఈ చివరకు, నేను ఎల్లారెడ్డిలో చూసినట్టే, మెల్లగా రాసుకుంటూ వచ్చింది. చక్కుకు జానెడు దూరంలో గోరు ఆగింది. అక్కడే రెండుసార్లు గీసి చూసింది. కిందికి వంగి నాలుగు బోల్టులూ చూసింది.

"నీ మాట గిప్పుడు నిజమైంది మేస్త్రీ," అన్నది. "గిది అతుకే."

కోపంగా అనలేదు. ఎత్తిపొడిచినట్టు కూడా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మా ఇంటామె నా వైపు చూసి, మళ్ళీ నేల వైపు చూసింది. నేను బల్ల మీదనుంచి పానా తీసి, బోల్టులు ఏమైనా వదులయ్యాయేమోనని ఒక్కొక్కటే బిగించాను. అప్పటికి రైలు కూత వినబడింది. ఆమె మూట నేనే పట్టుకుని స్టేషనుదాకా వెళ్ళి ఎక్కించి వచ్చాను.